అద్దం దాకా

చొక్కా తొడిగేటప్పుడు పనిచేయని చేతిని ముందు దూర్చాలి. ఎవరైనా చెబితే తప్ప ఇది ఎవరికీ తట్టదు. బాగున్న చేతిని ముందు దూర్చేస్తే పడిపోయిన చేతికి చొక్కాలో చోటు మిగలదు. లాగినకొద్దీ మోచెయ్యి బిగుసుకుంటుంది, మనిషి మూలుగుతాడు, కుట్లు పటపటమంటాయి. పక్షవాతం వచ్చి భర్త కుడిచెయ్యి పడిపోయిన కొత్తలో ఆమె అలాగే రెండు చొక్కాలు చింపేసింది. ఇప్పుడు కళ్ళు మూసుకుని తొడిగేస్తుంది. తన చేతిని చొక్కా చేతిలోకి అవతలి కొసనుంచి పోనిచ్చి, ఆయన వేళ్ళు అందుకుని, ఆ చెయ్యి తనంతట తాను వదులయ్యేదాకా ఆగి, అప్పుడు మెల్లగా ఇవతలికి తెచ్చుకోవాలి. తొందరపెడితే కర్రలా బిగుస్తుంది, బతిమాలితే వస్తుంది. ఆయన కంటే ఆయన చెయ్యే నయం అనుకుని లోపల్లోపల నవ్వుకునేది ఆమె.

"పై గుండీ వదిలెయ్. ఊపిరాడక చావనా?" అన్నాడాయన.

వదిలేసింది. నిన్న వదిలేస్తే, "నలుగురిలోకి రౌడీలా పంపిస్తావా నన్ను?" అన్నాడు. మొన్న పెడితే ఏమన్నాడో ఆమెకు గుర్తులేదు, ఏదో ఒకటి అనే ఉంటాడు.

"వాడికి చెయ్యి వచ్చేస్తే నీకూ హాయే అమ్మాయ్, ఈ చాకిరీ తప్పుతుంది," అంది అత్తగారు ముందుగదిలోంచి. ఆ మాట ఆవిడ రోజూ అంటుంది. ఆ ఇంట్లో అందరి నోటా అదే మాట. చెయ్యి వస్తే కొత్త కారు కొనాలి, చెయ్యి వస్తే స్కూలుకి మళ్ళీ బోర్డు కట్టాలి, చెయ్యి వస్తే చూడు అప్పుడు చెబుతా. ఊరెళ్ళిన పెద్దమనిషి ఎవరో తిరిగి వస్తున్నట్టు అందరూ గుమ్మంకేసి చూస్తుంటారు. ఆమె కూడా చూస్తుంది. అయితే ఆమె చూసే చూపు వేరు. దాని సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆయనది డ్రైవింగ్ స్కూలు. చుట్టుపక్కల అందరూ మాస్టారు అంటారు. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికే ముసలాయనకీ, బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కేసే అమ్మాయికీ కూడా ఒక్క మాట విసుక్కోకుండా, జోకులేస్తూ నేర్పేవాడు. "భయమెందుకండీ, నా కాలికింద ఇంకో బ్రేకుంది" అనేది ఆయన అరిగిపోయిన జోకు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు వీధిలో కనిపిస్తే ఆమెను ఆపి మరీ చెప్పేవారు, మాస్టారికున్న ఓపిక ఎవరికీ ఉండదండీ, మీరు అదృష్టవంతులు అని. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ రెండో బ్రేకు కారులోనే ఉంది గాని ఇంట్లో లేదని రోడ్డుమీద నిలబడి ఎవరికని చెబుతుంది?

ఫిజియోథెరపీ సెంటరులో రోబో కిటికీ పక్కన ఉంటుంది. ఒక స్తంభం, దానికి కీళ్ళున్న ఇనుప చెయ్యి, జబ్బ దగ్గరా ముంజేతి దగ్గరా మణికట్టు దగ్గరా మెత్తటి పట్టీలు, ఎదురుగా ఒక తెర. మనిషి చేతిని ఆ పట్టీల్లో బిగిస్తే అది తనతోపాటు ఎత్తుతుంది, చాపుతుంది, దించుతుంది. అక్కడికొచ్చే రోగులంతా దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టారు. పొద్దున్నే దాని ఒళ్ళు తుడిచి, గది చల్లబరిచి, అది లేచేదాకా అందరూ చుట్టూ చేరి ఎదురుచూడాలి. ఏమాత్రం తేడా వచ్చినా ఎర్రలైటు వేసుకుని అలిగి కూర్చుంటుంది.

దాన్ని ఆడించే ఫిజియో చిన్నపిల్ల. ఆ అమ్మాయికీ ఒక పేరుంది, మళ్ళీ మేడమ్. రోజంతా ఆ నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటే. వేలు కదిలితే మళ్ళీ, కదలకపోతే మళ్ళీ, ఏడిస్తే కళ్ళు తుడిచి మళ్ళీ.

"అక్కా, నేను పట్టుకుంటే మాస్టారి చెయ్యి బిగుసుకుంటోంది," అంది ఆ అమ్మాయి. "మీరు పట్టుకుంటే వదులవుతోంది. స్నానం చేయించేదీ, తినిపించేదీ మీరే కదా, దానికి మీ చెయ్యి అలవాటు. అందుకని ఇవాళ దారి మీరే నేర్పండి. మీరు ఆయన చేతిని ఎలా తీసుకెళ్తే రోబో అలా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అదే దారిలో ఎన్నిసార్లయినా విసుక్కోకుండా తిప్పుతుంది. ఆయనకి పట్టు వచ్చేకొద్దీ అది చేసే సాయం తగ్గించేస్తుంది."

"విసుక్కోకుండానా? అయితే మా ఇంటికి పంపించెయ్యండి," అంది ఆమె.

ఫిజియో పకపకా నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు, బయట ఆయన ఎప్పుడూ నవ్వే మనిషే.

ఏ పని చేస్తే రోగికి తనమీద తనకి నమ్మకం తిరిగొస్తుందో ఆ పని దగ్గరే మొదలుపెట్టాలని అక్కడి పద్ధతి. దర్జీ వస్తే కత్తెర, వంటమనిషి వస్తే గరిటె. మాస్టారి కోసం ఆ అమ్మాయి పాత కారులోంచి వెనక్కి చూసే అద్దం ఒకటి ఊడదీయించి, కుర్చీ ముందు కమ్మీకి బిగించింది. "కారెక్కగానే మొదట ఏం చేస్తారు మాస్టారూ?" అని అడిగింది. "అద్దం సర్దుకుంటాను" అన్నాడాయన. అంతే, చెయ్యి ఒళ్ళోంచి లేచి, భుజం దాటి, ముందుకి చాపుకుని అద్దాన్ని తాకాలి. కోపం వచ్చినా భయం వేసినా చెయ్యి బిగుస్తుంది కాబట్టి నిదానంగా ఊపిరి వదలమని ఆయనకీ, హడావుడి పడకుండా ఎత్తమని ఆమెకీ చెప్పింది.

ఆమె ఆయనకు ఎదురుగా వంగి నిలబడి, ముంజేతి కింద ఒక అరచెయ్యి, మణికట్టు కింద ఒక అరచెయ్యి పెట్టి ఎత్తింది. మధ్యలో చిన్నగా ఆగింది, వదులయ్యాక మళ్ళీ ఎత్తింది. అద్దాన్ని తాకించి దించింది. రోబో కీచుమని, నేర్చుకున్నానన్నట్టు పచ్చలైటు వేసింది. ఆమె చేతులు తీసేసి వెనక్కి జరిగింది.

అప్పుడు రోబో తానే ఆయన చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. ఒళ్ళోంచి లేచింది, ఛాతీ ముందు ఆమె ఆగినచోటే ఆగింది, భుజం దాటింది. చెంప ఎత్తుకి వచ్చేసరికి ఉలిక్కిపడ్డట్టు చటుక్కున జారింది. జారి, పక్కకి తప్పుకుని, మళ్ళీ దారినపడి అద్దాన్ని తాకింది.

"ఇదేంటి, కొత్తల్లుడికి తుమ్మొచ్చిందా?" అన్నాడు మాస్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"వైరేదో లూజయిందేమో. మళ్ళీ," అంది ఫిజియో.

ఆమె మళ్ళీ నేర్పింది. రోబో మళ్ళీ ఎత్తింది, మళ్ళీ అక్కడే జారింది. ఫిజియో పట్టీలు విప్పి చూసింది, కీళ్ళు తడిమింది, పక్క కుర్చీలో వైద్యానికొచ్చిన మెకానిక్ చెయ్యి పెట్టించి, దారి తానే నేర్పి చూసింది. అతని చెయ్యి నున్నగా వెళ్ళొచ్చింది. మాస్టారి చెయ్యి మాత్రం మూడోసారీ అదే ఎత్తులో ఉలిక్కిపడింది. అప్పటికి ఆయన మొహంలో నవ్వు లేదు. తెరకేసి చూశాడు, తన చేతికేసి చూశాడు, తర్వాత ఆమె ఎడమ చెంపకేసి చూశాడు. ఆమె చూపు దించుకుంది.

"ఇక్కడ ఏదో తేడా ఉందక్కా," అంది ఫిజియో, ఈసారి కొంచెం కంగారుగా. "చెయ్యి నేర్చుకునే కాలం ఇదే. ఇప్పుడు తప్పుదారి అలవాటైతే ఆ దారిలోనే బిగిసిపోతుంది. పైవారం పెద్ద డాక్టరుగారు వచ్చి చూస్తారు. లాభం లేదనుకుంటే ఈ కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

కొట్టడం అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. చెయ్యి చేసుకున్నాడు అంటారు. అదీ తరచుగా కాదు. ఒక్కటే దెబ్బ, కుడిచేత్తో, ఆమె ఎడమ చెంప మీద. టీ చల్లారినా, ఫోను ఎత్తడం ఆలస్యమైనా, నలుగురిలో ఆయన చెప్పిన లెక్క తప్పని ఆమె నోరుజారినా. రెండో దెబ్బ ఏనాడూ పడలేదు, దాన్ని అత్తగారు కొడుకు మంచితనం కింద జమకట్టేది. "వాళ్ళ నాన్నకి ఒకటీ రెండూ అని ఉండేది కాదమ్మాయ్, వీడు ఎంతో నయం" అనేది. కాసేపటికి ఆయనే టీ పెట్టి తెచ్చేవాడు. "కోపంలో ఏం చేశానో నాకే తెలీదు. ఒట్టు, నాకు గుర్తే ఉండదు. నువ్వు మాత్రం అన్నీ గుర్తుపెట్టుకుని మొహం మాడ్చుకుంటావు" అనేవాడు. ఆమె ఆ టీ తాగేది. గుర్తులేని మనిషితో ఏం వాదిస్తాం, గుర్తుపెట్టుకోవడం తన జబ్బేమో అని కూడా అనుకునేది. మనసు మరిచిపోవడం నేర్చుకుంది గాని, మెడ నేర్చుకోలేదు. ఆ చెయ్యి ఆ ఎత్తుకి లేస్తే తల కుడిపక్కకి వంగిపోతుంది, పట్టు సడలుతుంది. అది ఆమెను అడిగి చేసే పని కాదు.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ చెయ్యి పడిపోయాకే ఆమె ఆ ఇంట్లో సుఖంగా తిరిగింది. ఒకరోజు వంటింట్లో గాజుగ్లాసు జారి భళ్ళున పగిలింది. ఆమె వంగి ముక్కలు ఏరుకుంటూ, తాను వెనక్కి తిరిగి చూడలేదని గమనించింది. పగిలింది, ఏరుతున్నాను, అంతే. స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది, అది దుఃఖం కాదని ఆమెకు తెలుసు. కట్టుకున్నవాడికి చెయ్యి పడిపోతే సంతోషించే ఆడది ఉంటుందా, ఎంత పాపిష్టిదాన్ని అని తిట్టుకుంది. ఎంత తిట్టుకున్నా సంతోషం మాత్రం పోలేదు.

అయితే ఆ సుఖానికి వేరే ఖరీదు ఉంది. ముద్ద ముద్దా నోట్లో పెట్టాలి. మూతి తుడవాలి. గడ్డం గీయాలి, గీస్తుంటే తిట్లు తినాలి. నిద్రలో పక్కకి తిప్పాలి. కళ్ళజోళ్ళ షాపులో ఆమె ఉద్యోగం సగంపూటకి దిగింది, సగంపూటకి దిగాక కొత్తగా చేరిన కుర్రది ఆమె కుర్చీలో కూర్చుంటోంది. చెయ్యి రాకపోతే బతుకంతా ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. వస్తే, అది లేస్తుంది. ఏ దేవుడికైనా మొక్కుకుందామంటే ఏమని మొక్కుకోవాలో ఆమెకు తెలియలేదు.

తిరిగి వస్తుంటే టాక్సీలో ఆయన కిటికీకేసి చూస్తూ గొంతు తగ్గించి అన్నాడు.

"కావాలనే చేస్తున్నావు కదూ?"

"నేనేం చేశాను?"

"నోటితో చెప్పుకోలేక మరబొమ్మతో చెప్పిస్తున్నావు. అందరిముందూ నా పరువు తియ్యాలని."

"అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు," అంది ఆమె.

"నాకు అర్థమైంది."

ఆయనకు అర్థమైంది. ఏ ఎత్తు, ఏ పక్క, ఆ ఎత్తులో ఎవరు ఎందుకు తప్పుకుంటారు, అన్నీ చూసీ చూడగానే తెలిసిపోయాయి. అంటే ఇన్నేళ్ళూ గుర్తుంది. గుర్తులేదని ఒట్టేసిన ప్రతిసారీ, టీ తెచ్చి మంచం పక్కన కూర్చున్న ప్రతిసారీ, ఆయనకు అంగుళాలతో సహా గుర్తుంది. దెబ్బ తిన్నప్పుడు కూడా ఆమెకు ఇంత కోపం రాలేదు. చెప్పలేనంత కోపంతో ఆయన చేతిని తన ఒళ్ళోంచి తీసి సీటు మీద పెట్టింది. మలుపులో అది జారి కిందపడింది, ఆయన ఆమెకేసి చూశాడు, ఆమె టాక్సీ ఆగేదాకా దాన్ని తియ్యలేదు.

షాపులో ఆమె పని కళ్ళజోళ్ళు మొహాలకు సరిపెట్టడం. చెవి వెనక కాడ వంచి, ముక్కుమీద ఆన్చి, ఎగుడుదిగుడు చూడాలి. షాపులో అందరూ చెవులక్క అంటారు. చెయ్యి మొహం దగ్గరికి రాగానే ఎవరైనా రెప్పలు మూస్తారు, కాస్త వెనక్కి జరుగుతారు. రెండోసారికి జరగరు, మూడోసారికి కబుర్లు చెబుతూ మొహం అప్పగించేస్తారు. ఆ వారం ఆమె ఆ సంగతే చూస్తూ గడిపింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యికి మూడుసార్లలో అలవాటు పడతారే, తను ఒక చేతి కింద ఇన్నేళ్ళు బతికి అలవాటు పడలేదేం? పడకపోవడమే న్యాయం కదా అని కూడా తోచింది. మెడ తెలివైనది, తనే ఆలస్యం.

"మీ ఆయనకి చెయ్యొచ్చేస్తే మళ్ళీ పూర్తిగా వస్తారుగా?" అన్నాడు షాపు యజమాని. "ఆ అమ్మాయికి అద్దాలు తప్ప మొహాలు తెలీవండీ. రోజూ ఎవరో ఒకరు చెవి నొప్పని తిరిగొస్తున్నారు."

కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ ఒంటరి మనిషి, ఎక్కువ మాట్లాడదు. యజమాని అటు వెళ్ళాక డబ్బులు సర్దుకుంటూ, ఆమెకేసి చూడకుండానే అంది. "మా ఇంట్లో ముందుగది ఖాళీగా ఉంది. ఊరికే చెబుతున్నా. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని."

ఆమె ఆశ్చర్యపోయింది. "నాకెందుకు?" అంది.

"ఎందుకో నాకేం తెలుసు? గాలీ వెలుతురూ వస్తాయి," అంది ఆవిడ.

ఇంట్లో కూడా రోజుకి కొన్నిసార్లు చెయ్యి ఎత్తి దించమని ఫిజియో చెప్పింది. ఆ సాయంత్రం ఆమె ముందుగదిలో ఆయన ఎదురుగా నిలబడి ఎత్తుతోంది. అత్తగారు పక్కనే కుర్చీలో కూర్చుని, "నీ మొగుడి చెయ్యి నీ చేతుల్లో పెట్టారు, జాగ్రత్త అమ్మాయ్" అని హెచ్చరికలు చేస్తోంది. భుజం దాటాక ఆయన ఒంట్లో ఏదో ఈడ్పు వచ్చి, చెయ్యి ఆమె పట్టు విడిపించుకుని గాల్లోకి అడ్డంగా విసిరినట్టు వెళ్ళింది. ఆమె తల వంగింది. వంగిన తలతో పక్కకి చూస్తే అత్తగారి తల కూడా వంగి ఉంది. అదే పక్కకి, అంతే వంపు. ఆవిడ మొగుడు పోయి ఎన్నేళ్ళయిందో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు చటుక్కున తల సర్దుకుని, "ఆ ఫ్యాను ఆపు, చలేస్తోంది" అంది. ఫ్యాను తిరగడం లేదు. ఆమె గోడదాకా వెళ్ళి, ఆగి ఉన్న ఫ్యాను స్విచ్చి ఒకసారి తాకి వచ్చింది.

పెద్ద డాక్టరు వచ్చే ముందురోజు ఫిజియో ఆమెను పక్కకి పిలిచింది. ఈసారి ఆ అమ్మాయి చూసింది రోబోను కాదట.

"మీరు నేర్పేటప్పుడు నేను మిమ్మల్నే చూశానక్కా. అక్కడికి రాగానే మీ మెడ వంగుతోంది, చేతులు సడలుతున్నాయి. మెడనొప్పా? నరం పట్టేసిందా?"

"నిద్రలేక," అంది ఆమె. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో, ఏళ్ళ తరబడి చేసిన వంటలా.

"చూడనివ్వండి," అంటూ ఆ అమ్మాయి మెడ తడుముదామని చెయ్యి ఎత్తింది. ఆమె తల వంగిపోయింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. తెరిచి చూస్తే ఫిజియో చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ అమ్మాయి దాన్ని దొంగసొత్తులా మెల్లగా వెనక్కి తీసుకుని, గది అవతల కుర్చీలో కూర్చుని మెకానిక్‌తో జోకులేస్తున్న మాస్టారికేసి చూసింది. ఆ నోట మళ్ళీ అన్న మాట రాలేదు.

"నేను నేర్పుతాను," అంది చివరికి. "నాకు బిగుసుకుంటే బిగుసుకోనీ. మీరు బయట కూర్చోండక్కా. మీరు చెయ్యక్కర్లేదు."

మీరు చెయ్యక్కర్లేదు. ఆ మాట ఆమెతో ఎవరైనా అని ఎంతకాలమైందో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊ అంటే చాలు, ఆ అమ్మాయి పట్టులో చెయ్యి వదులవ్వదు, పైవారం నుంచి ఆ కుర్చీ ఎవరికో వెళ్ళిపోతుంది, ఆ చెయ్యి అలాగే ఉండిపోతుంది, ఇక ఎప్పటికీ లేవదు. ఆమెను ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ లేవని చేతికి ముద్ద ఎవరు కలుపుతారు? గుండీలు ఎవరు పెడతారు? ఆ చెయ్యి లేచినంతకాలం దాని భయంతో బతికింది. లేవకపోతే దాని సేవలో చస్తుంది. ఎటు చూసినా ఆ చెయ్యే.

"వద్దు," అంది ఆమె. "నేనే నేర్పుతాను. పూర్తిగా నేర్పుతాను."

ఆయన ఎదురుగా వంగి నిలబడి పట్టీలు బిగించింది. ఆయన నవ్వు ఆపి ఆమెకేసి చూశాడు. ఆమె కూడా ఆయన కళ్ళలోకే చూస్తూ ఎత్తింది. ఒళ్ళోంచి, ఛాతీ ముందునుంచి, భుజం దాటి. చెంప ఎత్తుకి వచ్చింది. మెడలో నరం లాగింది, తల వంగుతానని మొరాయించింది. ఆమె అక్కడే ఆపింది. ఆయన అరచెయ్యి తన చెంపకి జానెడు దూరంలో గాల్లో నిలబడింది, కింద తన చేతులు దాన్ని మోస్తున్నాయి. ఇంత బరువుంటుందా ఇది అనుకుంది. ఎత్తేది తనే, కావాలంటే వదిలేసేదీ తనే. ఆయన చూపు ముందు తప్పుకుంది. కిటికీకేసి చూశాడు, నేలకేసి చూశాడు. ఆమె రెప్ప వెయ్యకుండా ఆ చేతిని తన చెంప పక్కనుంచి తీసుకెళ్ళి అద్దానికి తాకించింది, తాకించి దించింది. పచ్చలైటు వెలిగింది.

రోబో ఎత్తింది. చెంప ఎత్తులో ఆమె ఆపినచోట ఆగింది, ఎక్కడా జారలేదు.

"మళ్ళీ," అంది ఫిజియో, వినీ వినపడనట్టు.

పెద్ద డాక్టరు చూసి కుర్చీ ఉంచమన్నాడు. ఆ తర్వాత వానలు వచ్చాయి, వెళ్ళాయి. రోబో తన సాయం కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోయింది. ఒకరోజు పట్టీలు విప్పేశాక కూడా మాస్టారి చెయ్యి తనంతట తాను వణుక్కుంటూ లేచి అద్దాన్ని తాకింది. సెంటరులో అందరూ చప్పట్లు కొట్టారు. గ్లాసు పట్టుకోవడం వచ్చింది, చెంచాతో తినడం వచ్చింది, ఆలస్యమైనా గుండీ పెట్టుకోవడం వచ్చింది. అయినా ఇంట్లో గుండీలు ఆమే పెట్టేది. "నీకేం పని, పెట్టు" అనేవాడు.

చెయ్యి వచ్చిందని తెలిసి చూడడానికి వచ్చినవాళ్ళతో ఒక ఆదివారం ఇల్లు నిండిపోయింది. పాత విద్యార్థులు స్వీట్లు తెచ్చారు. ఆయన సోఫాలో కూర్చుని చెయ్యి ఎత్తి చూపించాడు, వాళ్ళు ఆహా అన్నారు. డాక్టరు గొప్ప అన్నారు, సైన్సు గొప్ప అన్నారు, రోబోలు వచ్చాక మనుషులతో పనేముందన్నారు, అన్నిటికంటే మాస్టారి పట్టుదల గొప్ప అన్నారు. టీలు అందించి ఖాళీ కప్పులు తీస్తున్న ఆమెతో ఒకాయన, "మీరూ కొంత కష్టపడే ఉంటార్లెండి" అన్నాడు దయగా.

అందరూ వెళ్ళాక ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"రేపట్నుంచి షాపుకి పూర్తిరోజు వెళ్తాను. మధ్యాహ్నం భోజనం మీరే పెట్టుకోవాలి."

"ఎవర్నడిగి?"

"అడగడం లేదు. చెబుతున్నాను."

"అడగడం లేదూ?" ఆయన లేచి నిలబడ్డాడు. "కాస్త ఒంట్లో బాగోలేక పడుంటే నోరు బాగా లేచిందే నీకు."

చెయ్యి లేచింది. ఒళ్ళు తెలియని కోపంలో కూడా అది ఆమె నేర్పిన దారినే లేచింది. ఛాతీ ముందు చిన్నగా ఆగింది, వదులవడానికి ఆమె ఆగేచోటే. భుజం దాటింది. చెంప ఎత్తుకి వచ్చింది. గోడపక్క కుర్చీలో అత్తగారి తల కుడికి వంగిపోయింది. ఆమె తల వంగలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

చెయ్యి అక్కడే, నేర్పిన రోజు ఆమె ఆపినచోటే, ఆగిపోయింది.

ఆయన పళ్ళు కొరికాడు. చెయ్యి కదల్లేదు. కోపం పెరిగేకొద్దీ మోచెయ్యి బిగిసింది, వేళ్ళు ముడుచుకున్నాయి, భుజం రాయిలా అయింది. విసరడానికీ లేదు, దించడానికీ లేదు. ఎడమచేత్తో లాగి చూశాడు, ఇంకా బిగిసింది. తన చేతికేసి ఎవరిదో చూసినట్టు చూశాడు. మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"దించు," అన్నాడు. ఆమె కదల్లేదు. "నొప్పిగా ఉందే. చూస్తావేం, దించు!"

ఎలా దించాలో ఆమెకు తెలుసు. మణికట్టు కింద అరచెయ్యి పెట్టి, వదులయ్యేదాకా ఆగాలి. ఆమె చేతులు అలవాటుగా కొంచెం ముందుకి కదిలాయి కూడా. వాటిని వెనక్కి తీసుకుని పమిట చెంగుకి తుడుచుకుంది.

"తొందరపడకండి," అంది మామూలు గొంతుతో. "ఊపిరి నిదానంగా వదలండి. కోపం తగ్గితే అదే దిగుతుంది."

లోపలికి వెళ్ళి సంచీ తీసింది. ఏం పెట్టుకోవాలో ఆమె ఎన్నాళ్ళుగానో అనుకుని ఉంది కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. షాపులో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడకి ఫోను చేసి, ముందుగది ఇంకా ఖాళీగానే ఉందా అని అడిగింది. ఉంది, రా, అంది ఆవిడ, ఎందుకని అడగలేదు.

బయటికి వచ్చేసరికి ఆయన సోఫాలో కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఇంకా పూర్తిగా దిగలేదు, ఛాతీ ముందు ఆగి వణుకుతోంది. ఆయన తల ఎత్తలేదు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఒక అరచెయ్యి తన చెంప మీదే ఉంది, ఎప్పుడు పెట్టుకుందో ఆవిడకే తెలియనట్టు.

"రేపు వాడికి చొక్కా ఎవరు తొడుగుతారే?" అంది. అడ్డం నిలబడ్డ మనిషే ఆ మాట అంటూ అంటూ మెల్లగా పక్కకి జరిగింది.

ఆమె చెప్పులు వేసుకుని, వంగి, పట్టీ సరిచేసుకుని లేచింది.

"ఆయనకి చెయ్యి వచ్చేసింది కదా అత్తయ్యా."